మెతుకు కాలే పొయ్యి

పాత చీరముక్కలో మూటగట్టి చంకన పెట్టుకొచ్చిన కరెంటు పొయ్యిని స్వర్ణ బల్ల మీద దించగానే, కొట్టు యజమాని సర్వేశ్వరరావు మొహం గంటు పెట్టుకున్నాడు. అరకులో శుక్రవారం సంతంటే మాటలు కాదు. ఒకడికి బల్బు కావాలి, ఒకడికి టార్చిలైటు బ్యాటరీలు కావాలి, ఇంకొకడు సెల్‌ఫోను చార్జరు చేత్తో పట్టుకుని తన వంతు ఎప్పుడొస్తుందా అని నిలబడ్డాడు. అంత రద్దీలో ఈవిడొకతె, చచ్చిన పొయ్యితో.

"మళ్ళీ తెగిపోనాదేటి?"

"తెగిపోనాది బాబూ."

సర్వేశ్వరరావు మూట విప్పాడు. గుండ్రటి మట్టిబిళ్ళ, దాని గాడుల్లో చుట్టలు చుట్టుకున్న సన్నటి తీగ. తీగ ఒకచోట తెగి రెండు కొసలూ పైకి లేచి ఉన్నాయి. పొయ్యిని బోర్లించి బల్ల మీద రెండు దెబ్బలు కొట్టాడు. గాడుల్లోంచి నల్లటి బొగ్గు నలుసులు రాలాయి.

"ఇదిగో, నీ కళ్ళతో నువ్వే సూడు. అన్నం పొంగించేత్తన్నావు. ఉప్పుగంజి పడితే తీగ తెగిపోక ఏటవుద్ది? పోయిన సంతకి కొత్త తీగ ఏసిచ్చాను. ఆ ముందు సంతకీ ఏసిచ్చాను. మీ కొండోళ్ళకి ఇలాటి సామాను అమ్మడం నాదే బుద్ధితక్కువ."

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. స్వర్ణకి చెవులు వేడెక్కాయి. పొంగించడమా! అన్నం ఉడికినంతసేపూ ఆ పొయ్యి దగ్గరే గొంతుక్కూచుంటుంది తను. నురగ పైకి లేచిందంటే మూత తీస్తుంది, ఇంకా లేస్తే స్విచ్చి ఆపేస్తుంది. ఒక్క చుక్క కింద పడనివ్వదు. అంత జాగ్రత్తగా వండుతున్నా తీగ ఎందుకు తెగుతోందో ఆమెకి బొత్తిగా అంతుబట్టడం లేదు.

"పొంగనేదు బాబూ. నాను కాడుండే వొండతాను."

"మరి ఈ బొగ్గెక్కడిది? ఆకాశంలోంచి రాలిందా?"

స్వర్ణ ముందుకి వంగింది. బల్ల మీద రాలిన నలుసొకటి వేలితో అద్ది చూసుకుంది. నలిగి పొడయింది.

"అంత అవస్థ ఎందుకమ్మా, కట్టెల మీద వండుకోరాదూ?" అన్నాడు పక్కనున్న ఫల్గుణ మాస్టారు. ఆయనా ఆ చుట్టుపక్కల గూడేలవాడే, బళ్ళో పంతులు.

"మా అత్తకి కన్ను ఆపరేసన్ అయింది మాస్టారూ. పొగ తగలకూడదన్నారు."

"పెరట్లో వండుకో."

"అదీ సేసినాను. నిప్పు ఎక్కడుంటే ముసిల్ది అక్కడికి ఎల్లిపోతాది. ఇంట్లో రాజేస్తే ఇంట్లో, పెరట్లో రాజేస్తే తడువుకుంటా పెరట్లోకి. పొయ్యికాడ కూకోపోతే ముద్ద దిగదు. ఎడం కన్ను అలాగే పోనాది. దానికీ ఆపరేసన్ సేసినారు. ఇంటికొచ్చి పొయ్యూదింది, సీం పట్టీసింది. ఇంక ఇదొక్కటే ఉంది." ఆమె తన కుడి కన్ను వేలితో తాకి చూపించింది. "ఇదీ పోతే ముసిల్దానికి చీకటే మాస్టారూ."

నవ్వినవాళ్ళు కాస్త సర్దుకున్నారు. గ్యాసుబండ లేదా అని ఒకాయన అడిగాడు. ఉంది, దీపం పథకంలో వచ్చింది. ఒక్కసారి అయిపోయాక దాన్ని కొండ దింపి, నింపి, మళ్ళీ ఎక్కించే మొనగాడు దొరక్క ఇప్పుడు అది అరుగు మీద పీటగా ఉంటోంది.

సర్వేశ్వరరావు కోపిష్టే గానీ చెడ్డవాడు కాదు. చార్జరువాణ్ణి ఆగమని, మూడు రకాల పొయ్యిలు తెచ్చి బల్ల మీద వరసగా పెట్టాడు.

"సూడమ్మా. ఇది నీ దగ్గరున్న తీగ పొయ్యే. చవక. అయితే ఏదైనా పడితే తెగుద్ది, సెయ్యి తగిలితే షాకు కొడద్ది. ఇది ఇనప పళ్ళెం పొయ్యి. తీగ లోపల ఉంటాది, కనపడదు. షాకు భయం లేదు. అయితే వేడెక్కడానికి ఒక యుగం, ఆరడానికి ఒక యుగం, కరెంటు కుడితినీళ్ళలాగా తాగేత్తాది. ఎవడూ కొనడం లేదు. ఇదుందే, ఇది ఇండక్సను. కొత్తగా ఒచ్చింది. నిప్పు లేదు, మంట లేదు, పొగ లేదు."

"మా ఇంట్లో అదే. అదే తీసుకో" అన్నాడు ఫల్గుణ మాస్టారు.

"దానికి సత్తుగిన్నెలు పనికిరావు కదండీ" అన్నాడు బల్బు కోసం వచ్చినవాడు.

"మీ గూడెంలో ఓల్టేజి ఉంటాదా? లేకపోతే అది కుయ్‌మని ఆగిపోద్ది" అన్నాడు ఇంకొకడు.

"ఇనప పళ్ళెమే గట్టిది. మా వదినది ఇప్పటికీ ఉంది."

"ఎందుకు, అట్టు ఏసుకోడానికా?"

ఎవడి నోటికొచ్చింది వాడు చెప్పాడు. స్వర్ణ ఎవరు మాట్లాడితే వాళ్ళ మొహం చూసింది. అందరూ తెలిసినవాళ్ళలాగే ఉన్నారు, ఒకడు చెప్పింది ఇంకొకడు చెప్పడం లేదు. మేకని కొనాలంటే పళ్ళు చూస్తాం. కోడిని కొనాలంటే రొమ్ము పట్టి చూస్తాం. పొయ్యిని కొనాలంటే ఏం చూడాలి? ఆ ఒక్కటీ ఎవరూ చెప్పరేం?

ఆలోగా సర్వేశ్వరరావు ఇండక్షను పొయ్యి మీద దినపత్రిక పరిచి, దాని మీద స్టీలుగిన్నె పెట్టి, నీళ్ళు పోసి మీట నొక్కాడు. చూస్తుండగానే నీళ్ళు కుతకుతమన్నాయి. గిన్నె ఎత్తి పత్రిక తీసి, గారడీవాడిలాగా అందరికీ అటూ ఇటూ తిప్పి చూపించాడు. అక్షరం కూడా చెదరలేదు.

"కాయితం కూడా కాలదు! ఇంక మీ అత్త కన్నుకేటి భయం?"

స్వర్ణ ముక్కున వేలేసుకుంది. కాగితం కాల్చని పొయ్యి! ఇంతకన్నా ఏం కావాలి? ఇంటికెళ్ళాక గిన్నెలు చూసుకోమని సర్వేశ్వరరావు పాత స్పీకరులోంచి ఊడదీసిన అయస్కాంతం ముక్క కూడా ఇచ్చాడు. "ఇది అంటుకున్న గిన్నెలే దీని మీద పెట్టాల. వచ్చే సంతదాకా వాడి సూడు. కుదరకపోతే తెచ్చియ్యి" అన్నాడు. ఆ ధైర్యంతో ఆమె అట్టపెట్టె నెత్తిన పెట్టుకుని జీపెక్కింది.

జీపు దిగాక గూడెం దాకా నడకే. కాఫీ తోటల మధ్య కాలిబాట. పండ్లు ఎర్రబడి కోతకొచ్చాయి. మధ్యాహ్నమైనా మంచు పూర్తిగా విడలేదు. ఇంటి అరుగు మీద సుక్రి ముసలమ్మ చాప వేసుకుని రాజ్‌మా కాయలు ఒలుస్తోంది. ఆస్పత్రిలో ఇచ్చిన నల్ల కళ్ళద్దాలు ఊడిపోకుండా వెనక తాడుతో కట్టుకుంది. చూపు ఇంకా మసకే. వేళ్ళతోనే కాయ చీల్చి గింజలు ఒక పక్కకీ తొక్కలు ఒక పక్కకీ వేస్తోంది.

"ఏటి తెచ్చినావు?"

"కొత్త పొయ్యి అత్తా. దీనికి పొగ రాదు, నిప్పూ ఉండదు."

"నిప్పు నేకుండా పొయ్యేటే?" అంది సుక్రి.

ఆ సాయంత్రమంతా అయస్కాంతంతో సరిపోయింది. అన్నం వండే సత్తుగిన్నెకి పెట్టింది, జారిపోయింది. పప్పు గిన్నెకి పెట్టింది, జారిపోయింది. గొడ్డలికి ఠక్కున అంటుకుంది, కొడవలికి అంటుకుంది, తలుపు గొళ్ళేనికి అంటుకుని రానంది. స్టీలు గ్లాసుకి అంటుకుంటుందిలే అనుకుంటే అదీ అంటుకోలేదు. స్టీలు స్టీలు కాకపోతే మరేమిటట? చివరికి పోయిన క్రిస్మస్‌కి చర్చిలో ఇచ్చిన గిన్నెకి అంటుకుంది. ఆ ఇంట్లో గొడ్డలీ, కొడవలీ, ఆ ఒక్క గిన్నే ఈ పొయ్యికి పనికొచ్చేవి. స్వర్ణకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

ఆ గిన్నెలోనే బియ్యం కడిగి పెట్టింది. మీట నొక్కగానే పొయ్యి కుయ్‌మంది. అంకెలు వెలిగాయి. సుక్రి అరుగు మీంచి తడుముకుంటూ లోపలికి వచ్చి, అలవాటు ప్రకారం పొయ్యి దగ్గర చతికిలబడింది. కాసేపు చెవి ఒగ్గి విన్నది. కట్టె చిటపటలు లేవు. ముందుకి వంగి మొహం మీద వేడి తగులుతుందేమో చూసుకుంది. తర్వాత చెయ్యి చాచి, గిన్నె పక్కన అద్దంలాంటి నున్నటి పలక మీద అరచెయ్యి ఆనించింది.

చల్లగా ఉంది.

ముసలమ్మ చెయ్యి లాగేసుకుంది. "ఎవులు పోనారే?" అంది.

"ఏటత్తా?"

"పొయ్యి సల్లగుంది. ఎవులు పోనారు ఇంట్లో?"

ఆ గూడెంలో పొయ్యి చల్లారిపోయేది చావింట్లోనే. మనిషి పోయాడంటే కట్టెలు బయటికి లాగి, నీళ్ళు చల్లి ఆర్పేస్తారు. మట్టి చేసి వచ్చేదాకా ఆ ఇంట్లో నిప్పుండదు, పక్కిళ్ళవాళ్ళే అంబలి కాచి తెస్తారు. మొన్నటికి మొన్న, మలేరియా జ్వరంతో తన మొగుడు మంగ్లు పోయిన రోజున, ఇదే ఇంట్లో ఇదే మూల పొయ్యి బూడిద చల్లగా పడుంది. ఆ బూడిదలోనే అత్తాకోడళ్ళిద్దరూ చెరో పక్కన కూలబడ్డారు.

"ఎవులూ పోనేదత్తా. ఈ పొయ్యే అంత. చూడు, అన్నం ఉడికిపోతంది" అంది స్వర్ణ, మూత తీసి.

అన్నం నిజంగానే ఉడికింది. మల్లెపువ్వులా ఉంది. రాజ్‌మా కూర వేసి కంచం ముందు పెడితే సుక్రి కంచాన్ని వేళ్ళతో తాకి, నెమ్మదిగా పక్కకి జరిపింది.

"ఆకలి నేదు" అంది.

శనివారమూ ఆకలి లేదంది. రెండు అరటిపళ్ళు తిని మంచినీళ్ళు తాగింది. ఆదివారం స్వర్ణ చర్చికెళ్ళి మోకాళ్ళ మీద ఉండి ముసలిదాని కన్ను కోసం, కడుపు కోసం ప్రార్థన చేసుకుని వచ్చింది. వచ్చి చూస్తే పొద్దున వడ్డించిన కంచం అలాగే ఉంది. రుచి కుదరడం లేదేమోనని అన్నం మెత్తగా వండింది. చోడి అంబలి కాచింది. చింతపండు పచ్చడి నూరింది. సాయంత్రాలు ఓల్టేజి పడిపోయి పొయ్యి కుయ్యోమని అరిచి ఆగిపోతే, మళ్ళీ నొక్కి, మళ్ళీ ఆగిపోతే మళ్ళీ నొక్కింది. గిన్నె తప్పా, కరెంటు తప్పా, బియ్యం తప్పా, తన చేతి తప్పా? ఏది సరిచేస్తే ఈ ముసలిది తింటుందో ఆమెకి పాలుపోలేదు. చుక్కల మందు వెయ్యడానికి తల ఒళ్ళో పెట్టుకుంటే ఆ మనిషి తేలిగ్గా, ఎండుటాకులా ఉంది.

"కన్ను బాగవ్వాలంటే తినాలత్తా. డాక్టరమ్మ సెప్పినాది కదా."

"తింతానే. ఆకలేసినప్పుడు తింతాను."

సోమవారం మధ్యాహ్నం స్వర్ణ కాఫీ పండ్ల బుట్టతో తోటలోంచి దిగి వచ్చేసరికి అరుగు మీద ఎవరూ లేరు. చాప మీద సగం ఒలిచిన కాయలున్నాయి. వాటి మధ్య నల్ల కళ్ళద్దాలు, తాడుతో సహా. అవి చూడగానే స్వర్ణ బుట్ట అక్కడే దించేసి "అత్తా!" అంటూ పెరట్లోకి పరిగెత్తింది. లేదు. తోట వైపు చూసింది. లేదు. పక్కింటి రత్నాలు ఇంటి తలుపు ఓరగా తీసి ఉంది, పైకప్పు సందుల్లోంచి పొగ వస్తోంది.

తలుపు తోసింది. రత్నాలు ఇంట్లో లేదు. పొయ్యిలో మాత్రం రెండు కట్టెలు కమురుతున్నాయి. ఇల్లంతా పొగ. ఆ పొగలో, పొయ్యికి జానెడు దూరంలో గొంతుక్కూచుని ఉంది సుక్రి, కళ్ళద్దాలు లేకుండా, కన్ను సగం మూసుకుని, నీళ్ళు కార్చుకుంటూ. ఒళ్ళో అడ్డాకు. ఆకులో అన్నం. పొద్దున తను ఆ కుయ్‌మనే పొయ్యి మీద వండిన అన్నమే.

స్వర్ణ కేక వెయ్యబోయింది. అప్పుడే ముసలమ్మ ఆకులోంచి నాలుగు మెతుకులు తీసి, వేళ్ళతో నిప్పు దారి వెతుక్కుని, పొయ్యిలో వేసింది.

"పెద్దలూ, తినండి" అంది. "మంగ్లూ, తినురా నాయనా."

మెతుకులు చిటచిటలాడాయి. కాలిన మెతుకు వాసన వచ్చింది. ఆ వాసన ముక్కుకి తగిలాక సుక్రి తలొంచి, ఆకులో అన్నం గబగబా, పెద్ద పెద్ద ముద్దలు చేసుకుని తినడం మొదలుపెట్టింది. ఆకలి లేదన్న మనిషి అలా తింటుందా? ఇన్నాళ్ళ ఆకలీ ఒక్కసారే తింటోంది.

స్వర్ణ తలుపు పట్టుకుని నిలబడిపోయింది. ఆ వాసన ఆమెకి తెలుసు. తీగ పొయ్యి ఉన్న రోజుల్లో నీళ్ళు తెచ్చుకుని వస్తే ఇంట్లో ఇదే వాసన. తన వంటే మాడిందేమోనని గిన్నె అడుగు చూసుకునేది. గాడుల్లో బొగ్గు నలుసులు, బల్ల మీద రాలినవి, వేలికి అంటినవి, అన్నీ ఒక్కసారి కళ్ళ ముందుకొచ్చాయి. పొంగు కాదు. గంజి కాదు. ఉప్పేసి వండిన అన్నంలోంచి పెద్దల పేరున వేసిన తొలి పిడచ, పూట పూటకీ.

అంతలోనే ఇంకో సంగతి తట్టింది. ఆ తీగ. ఎర్రగా కాలుతున్న ఆ కరెంటు తీగ మీదికి ఈ చూపులేని మనిషి వేళ్ళు పెట్టింది.

"అత్తా!"

సుక్రి ఉలిక్కిపడలేదు. "వొచ్చినావా" అంది నోట్లో ముద్దతోనే.

"ఆ తీగ పొయ్యి మీద కూడా ఇలాగే ఏసినావా?"

"ఏసినాను. నువ్వు నీలకెళ్ళినప్పుడు సుచ్చి నొక్కి ఏసినాను. ఎర్రగా అవుపించేది మసక మసగ్గా. అది నిప్పే కదేటి?"

"అది కరెంటు! ఏలు తగిలితే సచ్చిపోదువు ముసిల్దానా!"

"సచ్చిపోతే ఆడికాడికే ఎల్దును కదే."

స్వర్ణకి కోపం కట్టలు తెంచుకుంది. రెక్క పట్టి లేపబోయింది. "నాకు సెప్పొద్దా? నాను ఆ సావుకారు కాడ అన్ని మాటలు పడ్డాను. నువ్వు తినకపోతే ఏడిసినాను. ఒక్క ముక్క సెప్పొద్దా నాకు?"

"ఏటి సెప్పాల? నువ్వు పెట్టవు కదే." ముసలమ్మ గొంతులో నిష్ఠూరం లేదు, ఉన్న సంగతి చెప్పినట్టు చెప్పింది. "మీ పాస్టరు వొద్దన్నాడు, మానీసినావు. నానేటీ అన్నేదు. నీ దేవుడు నీకాడ ఉన్నాడు. మరి ఆడికెవులు పెడతారు? తల్లినే నాను. నాను తినీసి ఆడ్ని పస్తుంచుతానా?"

స్వర్ణ చెయ్యి వదిలేసింది. మంగ్లు ఆకలీ దాహమూ లేని చోటికి వెళ్ళాడని పాస్టరుగారు చెప్పారు. నమ్మింది. ఇప్పటికీ నమ్ముతోంది. అయినా ఎన్నిసార్లు, అన్నం దించగానే చెయ్యి మూడో కంచం మీదికి పోయి ఆగిపోలేదు! ఆ మాట ఎవరికీ చెప్పుకోలేదు తను. ఏడుపు ముంచుకొచ్చింది. ఏడుస్తూనే కొంగు తడిపి ముసలిదాని కంటి చుట్టూ తుడిచి, కళ్ళద్దాలు పెట్టి, ఇంటికి నడిపించుకొచ్చింది.

సంత దాకా ఆగలేదు. మంగళవారం పొద్దున్నే అట్టపెట్టె నెత్తిన పెట్టుకుని కొండ దిగింది. సంతలేని రోజు అరకు బజారు వెలవెలబోతోంది. సర్వేశ్వరరావు బల్ల వెనక కారియరు విప్పుకుని పెరుగన్నం కలుపుకుంటున్నాడు. ఆమెని చూసి నిట్టూర్చాడు.

"ఇదీ పాడైపోనాదా?"

"నేదు బాబూ. బాగానే పనిసేత్తంది. దీని మీద మెతుకు కాలదు కదా?"

"ఏటి?"

"మెతుకు బాబూ. అన్నం మెతుకు. పొయ్యి మీద ఏస్తే కాలాల. పొగ లేవాల. మనిసి సెయ్యి తగిలినా సావకూడదు. అలాటి పొయ్యి ఉందా?"

సర్వేశ్వరరావు చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. కరెంటు ఎంత కాలుతుందని అడుగుతారు, గ్యారంటీ ఉందా అని అడుగుతారు, ఎరుపు రంగులో లేదా అని కూడా అడుగుతారు. ఇన్నేళ్ళ వ్యాపారంలో ఈ మాట ఎవరూ అడగలేదు.

"మెతుకెందుకు కాలాలమ్మా? ఏదీ కాలకుండా ఉండాలనే కదా లోకమంతా డబ్బులు పోసి కొంటంది!"

స్వర్ణ చెప్పింది. నిలబడే చెప్పింది, తడబడుతూ చెప్పింది. తొలి పిడచ సంగతి, చల్లటి పొయ్యి సంగతి, తీగ మీద వేళ్ళ సంగతి. మంగ్లు పేరు చెప్పాల్సి వచ్చేసరికి ‘మా ఇంటాయన’ అంది. సర్వేశ్వరరావు వేళ్ళ మీద పెరుగన్నం ఆరిపోయింది. ఆయన చూపు కొట్టు వెనక తలుపులోంచి బయటికి పోయింది. అక్కడ రేకుల షెడ్డు మీద కాకి ఒకటి ఆయన పెట్టిన ముద్ద పొడుచుకు తింటోంది.

"మాకు కాకులున్నాయి" అన్నాడు. "మా నాన్న పోయాక మా అమ్మ గోడ మీద ముద్ద పెట్టి, కాకి ముట్టేదాకా తను మెతుకు ముట్టేది కాదు. ఒక్కోరోజు ఎంతకీ వచ్చేది కాదు ఆ కాకి. ఎంత తిట్టుకునేవాణ్ణో."

చెయ్యి కడుక్కుని, స్టూలెక్కి, శుక్రవారం ఎవరూ పట్టించుకోని ఇనప పళ్ళెం పొయ్యిని దించాడు. నల్లగా, మొద్దుగా, అట్లపెనానికి కాళ్ళు మొలిచినట్టుంది. దుమ్ము ఊది మీట నొక్కాడు. ఇద్దరూ కూచున్నారు. ఆయన చెప్పింది నిజమే, వేడెక్కడానికి ఒక యుగం పట్టింది. సర్వేశ్వరరావు కారియరులోంచి ఒక మెతుకు తీసి పళ్ళెం మధ్యలో వేశాడు. ఇద్దరి తలలూ దాని మీదికి వంగాయి. మెతుకు ముందు బుస్సుమంది. పచ్చబడింది. అంచులు నల్లబడ్డాయి. సన్నటి పొగ లేచింది.

"కాలింది" అన్నారు ఇద్దరూ ఒకేసారి.

"దీనికి నీ సత్తుగిన్నెలు కూడా పనికొత్తాయి" అన్నాడు సర్వేశ్వరరావు. "ముసిలమ్మని మాత్రం సెయ్యి పెట్టనియ్యకు. షాకు కొట్టదు గానీ బొబ్బలెక్కిపోద్ది. కరెంటు ఎక్కువ కాలుద్ది, ఆ సంగతి నీ ఇష్టం."

ఇంటికి చేరేసరికి మధ్యాహ్నమైంది. స్వర్ణ ఇండక్షను పెట్టిన మూల కాకుండా, పాత కట్టెల పొయ్యి రాళ్ళ పక్కనే ఇనప పొయ్యిని పెట్టింది. సత్తుగిన్నెలో అన్నం పెట్టింది. సుక్రి వచ్చి దూరంగా, గోడకి ఆనుకుని కూచుంది. మళ్ళీ ఏదో కొత్త తంటా తెచ్చిందిలే అన్నట్టుంది ఆమె వాలకం. కాసేపటికి మాత్రం మొహం ఇటు తిప్పింది. సెగ తగిలినట్టుంది.

అన్నం సరిగ్గా ఉడికి పైకి గుంటలు పడే వేళకి బల్బు ఆరిపోయింది. కరెంటు పోయింది.

"అయ్యో దేవుడా!" అంది స్వర్ణ. ఇంత దూరం మోసుకొచ్చి, ఇంత చేసి, సరిగ్గా ఇప్పుడే పోవాలా! గిన్నె దించింది. పళ్ళెం మీద చెయ్యి పెట్టబోయి గభాల్న వెనక్కి తీసుకుంది. కరెంటు పోయినా పళ్ళెం వేడి పోలేదు. ఆరడానికీ ఒక యుగమే దానికి. ఎవడూ కొనని పొయ్యిలో సర్వేశ్వరరావు చెప్పిన తప్పే ఇప్పుడు అక్కరకొచ్చింది.

"అత్తా, రా. ఇది కాలుద్ది."

సుక్రి జరిగి వచ్చి అరచెయ్యి ముందుకి చాపింది. వేడికి కొంచెం ఇవతలే స్వర్ణ ఆ చేతిని పట్టుకుంది. ఆ చెయ్యి ఆ సెగలో అలాగే ఆగింది.

"ఏడిగుంది" అంది ముసలమ్మ.

"ఉంది. నువ్వు పెట్టకు, సెయ్యి కాలిపోద్ది. నాను పెడతాను."

సుక్రి నల్ల కళ్ళద్దాలు కోడలి మొహం వైపు తిరిగాయి. "పెడతావా?" అంది. "పెడితే పేరెట్టి పిలవాల. పిలవకపోతే దారినపోయినోళ్ళు తినీత్తారు."

స్వర్ణ చేతిలో నాలుగు మెతుకులున్నాయి. ఆమె తన మొగుడి పేరు ఎన్నడూ పలికింది కాదు. రేషన్ కార్డు రాసేవాడు అడిగితే రత్నాలు చేత చెప్పించింది. ఆస్పత్రిలో నర్సు అడిగినప్పుడు, వాకిట్లో పరిచయం లేని మనిషిని బతిమాలి చెప్పించింది. బతికుండగా పిలవలేదు, పోయినప్పుడు శోకాల్లో కూడా ఏడవలేదు ఆ పేరుతో. ఆదివారం పాస్టరుగారికి ఏం చెప్పుకోవాలో కూడా తెలియదు. సరే, అది ఆదివారం సంగతి.

మెతుకులు పళ్ళెం మీద వేసింది. బుస్సుమన్నాయి.

"పిలు" అంది సుక్రి.

నోరు తెరిచింది. మెతుకులు పచ్చబడుతున్నాయి. పళ్ళెం ఆరిపోతోంది. ఆలస్యం చేస్తే అవి కాలవు, ఎండిపోతాయి.

"మంగ్లూ" అంది స్వర్ణ. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. "మంగ్లూ, తిను."

అంచులు నల్లబడ్డాయి. సన్నటి పొగ లేచి, కరెంటు లేని ఆ గదిలో తలుపులోంచి పడుతున్న వెలుగు దాకా వెళ్ళింది. సుక్రి ముక్కు పైకెత్తి వాసన చూసింది.

"తిన్నాడు" అంది.

అని, రెండు చేతులూ నేల మీద ఆనించి వెనక్కి జరిగింది. పొయ్యి దగ్గర్నుంచి, ఆ సెగ దగ్గర్నుంచి, ఒకరు లాగకుండా, ఒకరు తిట్టకుండా తనంతట తనే జరిగి జరిగి గుమ్మం దాకా వెళ్ళి, అక్కడ గాలి తగిలేచోట కూచుంది. కళ్ళద్దాల తాడు బిగించుకుంది. స్వర్ణ కళ్ళు తుడుచుకోవడం కూడా మరిచిపోయి చూస్తోంది.

"అలాగ దూరంగా కూకున్నావేటత్తా?"

"పొగొత్తంది కదే. కంటికి పడదన్నారు కదా" అంది సుక్రి. "ఆడు తినీసినాడు, ఇంక నాకేటి పని పొయ్యికాడ? బేగి పెట్టు గుంటా. ఆకలేత్తంది."